కానుగ సబ్బు చేసిన బాయి

నిర్మల్‌లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, బంతిలో నా పక్కన కూర్చున్న ఆవిడ మాటల మధ్య చెప్పింది. "మీ సబ్బు బాయి పోయింది, ఎర్కేనా? శాన దినాలైంది."

ఎప్పుడు, ఎక్కడ, ఏం జబ్బు చేసి అని అడిగాను. ఆమెకు తెలియదు. ఆమెకూ ఎవరో చెప్పారట. అంత మాట అనేసి ఆమె వంకాయ కూర తెచ్చే మనిషి కోసం చూస్తున్నది. నేను మాత్రం ఆ మాటకే విస్తరి మడిచేశాను. దుఃఖం అనలేను, చాలా ఏళ్లయింది కదా. ఆ మనిషి గురించి నాకు తెలిసిందెంత, తెలియనిదెంత అని లోపల వెతుకులాట మొదలైంది. ఇంటికి వచ్చాక కూడా అది ఆగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాలుగేళ్లు మేమిద్దరం ఒకే పెంకుటింట్లో ఉన్నాం. ఆమె పేరు హాజరు పట్టీలో రోజూ చూసేదాన్ని. అయినా ఇక్కడ రాయను. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిచినా, అది తన పేరేనని గుర్తు తెచ్చుకున్నట్టు కొంచెం ఆగి పలికేది. మరాఠీ కలిసిన ఆదిలాబాద్ మాటలో పెద్ద ఆడవాళ్లను బాయి అంటారు. మాకందరికీ ఆమె బాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. మెట్రిక్ పాసై గ్రామసేవికగా చేరితే, ఉట్నూరుకు ఎనిమిది మైళ్ల దూరంలో అడవి అంచున ఉన్న ఒక గోండుల ఊరికి నన్ను వేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయింది. ఊరికి కావలసిన వస్తువు ఊళ్లోనే తయారు కావాలి, అది బడిలోనే నేర్పాలి అని ఎక్కడ చూసినా ఇదే మాట. మా ఊళ్లో ఆడవాళ్ల కోసం చేతిపని కేంద్రం ఒకటి తెరిచారు. కేంద్రమంటే ఒక రేకుల షెడ్డు, దాని వెనక బావి. చుట్టూ ఇప్ప చెట్లు లెక్కలేనన్ని ఉన్నాయి కనుక ఇప్ప గింజల నూనెతో సబ్బు చేయించాలని పైవాళ్లు నిర్ణయించారు. నేర్పడానికి ఒక పంతులమ్మను పంపుతున్నామని కాగితం వచ్చింది.

ఎండాకాలం మొదట్లో, మధ్యాహ్నం పూట, కట్టెల లారీ మీద నుంచి ఆమె దిగింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి. గోచి పోసి కట్టిన ముదురాకుపచ్చ చీర, చేతిలో రేకు పెట్టె, నెత్తి మీద బోర్లించుకున్న ఇనుప బాండి. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. నేను చెంబుతో నీళ్లిచ్చాను. ఆమె తాగలేదు.

"నీ దగ్గర సబ్బు ముక్క ఉన్నదా, బిడ్డా?" అని అడిగింది.

తెచ్చి ఇచ్చాను. అరచేతిలో కాసిని నీళ్లు పోసుకుని, సబ్బు రుద్ది, నురగ వైపు చూస్తూ నిలబడింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. నురగ నిలిచింది. అప్పుడు చేతులు కడుక్కుని, చెంబెత్తి గటగటా తాగింది.

"నీళ్లు మంచియే. పని అయితది," అంది.

తాగే నీళ్లు తీయగా ఉన్నాయా, ఉప్పగా ఉన్నాయా అని కాకుండా, సబ్బుకు పనికొస్తాయా లేదా అని చూసిన మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. ఈమె ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఈ పనిలో ఎంత కాలంగా ఉంది? ఆ రోజు మొదలైన నా ఆరా చాలాకాలం నడిచింది.

బాయి కారం తినేది కాదు. మా వైపు ఆడమనిషి కారం తినకపోవడం అంటే నమ్మలేని విషయం. జొన్నరొట్టె, మజ్జిగ, ఉప్పు, అంతే. నేను పచ్చిమిరపకాయల తొక్కు నూరుకుంటే కళ్లతో తినేది కానీ వేలు పెట్టేది కాదు. తమలపాకు లేదు, పొగాకు లేదు.

"నాలికె నా తరాజు, బిడ్డా. కారం తింటే మొద్దువారుతది," అనేది.

అది మాట వరసకు అన్నది కాదు. సబ్బు గట్టిపడ్డాక చిన్న పలుకు గీరి నాలుక కొసకు తాకించి, కళ్లు మూసుకునేది. చురుక్కుమంటే సోడా కారం ఎక్కువైనట్టు, ఒంటికి పనికిరాదు. జిడ్డుగా తగిలితే నూనె ఎక్కువైనట్టు. ఏమీ తెలియకుండా చప్పగా ఉంటే కళ్లు తెరిచి, "బరా," అనేది. మరాఠీలో సరే అనడం అది. అది విన్నాకే మేము సబ్బును బద్దలుగా కోసేవాళ్లం.

ఈ పని ఎక్కడ నేర్చుకున్నరు బాయీ అని మొదటి నెలలోనే అడిగాను. వాళ్లాయన నేర్పాడని చెప్పింది. ఇంకోసారి అడిగితే వాళ్ల అమ్మమ్మ ఇంట్లో చేసేదంది. మూడోసారి, నాందేడ్ దగ్గర ఒక ఫకీరు చెప్పాడంది. మూడూ ఒకే ముఖంతో చెప్పింది. ఎడమ ముంజేతి మీద తెల్లటి మచ్చలుండేవి. అవి కాస్టిక్ సోడా కాల్చిన మచ్చలేనా అంటే, "నూనె చిలికింది," అనేది. ఒకే ప్రశ్నకు ఇన్ని జవాబులు విన్నాక, ఆమె అబద్ధం చెప్తున్నదని నాకు తెలిసిపోయింది. ఎందుకో తెలియదు.

పట్నం నుంచి కాస్టిక్ సోడా డబ్బాల్లో వచ్చేది. ఇప్ప నూనె సంతలో కొన్నాం. రెండు నెలల్లో మొదటి సబ్బు బద్దలు వచ్చాయి. గోధుమరంగు, నున్నటి అంచులు. జీపులో వచ్చిన బ్లాకు అధికారి ఒకటి చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. ఆయనది కోస్తా. మనిషి మంచివాడే, పని కావాలని తపన ఉన్నవాడు.

"వచ్చే ఎగ్జిబిషన్‌కు ఇవే పంపుదాం. ఇప్ప సబ్బు అని రాసేశాను కూడా. ముందు ఈ ఊరి ఆడవాళ్లను పదిమందిని చేర్చండి. వానాకాలంలోగా చేరకపోతే షెడ్డు ఎరువుల గోదాముకు పోతుంది, నేను ఆపలేను," అన్నాడు.

షెడ్డు పోతే బాయి ఉద్యోగమూ పోతుంది. ఆమెకు వేరే ఆధారం ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే సబ్బులు బుట్టలో పెట్టుకుని ఊళ్లోకి వెళ్లాం. ముందుగా ఊరిపెద్ద పటేల్ ఇంటికి. పటేల్ తల్లి డెబ్బై ఏళ్ల మనిషి, నిటారుగా నడిచేది. ఊళ్లో ఆడవాళ్లు ఆమె మాట దాటరు. గోండీతో పాటు మరాఠీ కొంత, తెలుగు కొంత మాట్లాడేది. బాయి సబ్బు చేతిలో పెట్టి, ఇప్ప నూనెతో చేశాం, వాడి చూడండి అని చెప్పింది. ఆమె వాసన చూసింది. వెంటనే అరుగు మీద పెట్టేసింది.

"గిది మేం తినే నూనె. దేవునికి దీపం పెట్టే నూనె. దీంతోని ముడ్డి కడుక్కోమంటవా?"

వెనక ఉన్న ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు సిగ్గేసింది. ఏదో సర్దిచెప్పబోయాను. శుభ్రత, ఆరోగ్యం అని మాకు శిక్షణలో నేర్పిన మాటలుండేవి. బాయి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. తను అరుగు కింద నేల మీద కూర్చుంది.

"మరి మీరు తినని నూనె ఏదున్నది, అవ్వా?"

పటేల్ తల్లి ఈ ప్రశ్నను ఊహించలేదు. కానుగ, అంది. చేదు. పశువు కూడా ముట్టదు. బండి ఇరుసుకు పూస్తాం, పుండ్లకు, గజ్జికి పూస్తాం. వాగు పొడుగునా కానుగ చెట్లే.

"కొంచెం ఉన్నదా?"

ఎవరో దొప్పలో తెచ్చారు. బాయి వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ముఖమంతా ముడుచుకుపోయింది. ఈసారి పటేల్ తల్లి కూడా నవ్వింది. ఆ పొద్దు మేము అక్కడి నుంచి లేచేసరికి మధ్యాహ్నమైంది. ఏ బూడిదతో గిన్నెలు తోముతారు, ఏ మట్టితో తల రుద్దుకుంటారు, బట్టలు దేంతో ఉడకబెడతారు, ఇవే ప్రశ్నలు. నేర్పడానికి వచ్చిన మనిషి ఇన్ని అడగడం వాళ్లకు వింతగా ఉంది. నాకూ ఉంది.

జీపు మళ్లీ వచ్చినప్పుడు బాయి ఆయనకు సూటిగా చెప్పేసింది.

"సారూ, ఆళ్లు దండం పెట్టే నూనెను నేను ఉడకబెట్ట. కానుగతోని చేస్త."

"ఏమిటమ్మా ఇది? పైకి రాసింది ఇప్ప సబ్బు. సోడా వచ్చేదీ దాని పేరు మీదే. కానుగ అంటే ఆ డబ్బాలు ఆగిపోతాయి."

"ఆగనీయుండ్రి."

ఆయన కోప్పడలేదు. నెత్తి మీది టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. డబ్బాలు మాత్రం నిజంగానే ఆగిపోయాయి.

సోడా లేకుండా సబ్బెట్లా? పటేల్ తల్లి చెప్పిన ఒక మాటను బాయి పట్టుకుంది. ఖానాపూర్ వైపు వాగుల ఒడ్డున తెల్లగా పొంగే సౌడు మన్నుతో చాకలివాళ్లు బట్టలు ఉడకబెడతారట. మేమిద్దరం బస్సెక్కి వెళ్లాం. బాయి ఒడ్డున వంగి, ఆ తెల్లటి పొర కాస్త గీరి నాలుకకు తాకించింది. మంచి చోటు దొరికేదాకా అట్లా ఇరవై చోట్ల. రెండు గోనెల మన్ను తెచ్చాం. కుండకు అడుగున చిల్లి పెట్టి, గడ్డి పరిచి, మన్ను పోసి, నీళ్లు వడకట్టాం. ఆ నీళ్లలో సున్నం వేసి కాచాలని ఎక్కడో విన్నట్టు బాయి అంది. కాచి తేర్చితే సోడా నీళ్లలాగే కారం దిగుతుందట.

అప్పటికి ఊరి ఆడవాళ్లు షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. నేర్చుకోవడానికి కాదు, వింత చూడటానికి. వాగు నుంచి కానుగ కాయలు వాళ్లే ఏరుకొచ్చారు. రెండు దుంగల మధ్య గింజలు నొక్కి నూనె వాళ్లే తీశారు. అందరి ముందూ బాయి బాండి ఎక్కించింది.

సబ్బు కాలేదు. పొద్దుటి నుంచి కలిపితే సాయంత్రానికి అంబలిలా ఉంది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. మూడు బాండీల నూనె పారబోశాం. కమురు వాసన షెడ్డంతా పట్టుకుంది. నాలుగో రోజు పదిమంది ఆడవాళ్లు వరసగా గోడకు ఆనుకుని కూర్చుని చూస్తున్నారు. బాయి తెడ్డు పక్కన పెట్టింది. పొయ్యిలో కట్టె బయటకు లాగింది. వచ్చి వాళ్ల ముందు నేల మీద కూర్చుంది.

"నాకు రాదు," అంది.

కొంగుతో చేతుల జిడ్డు తుడుచుకుని మళ్లీ చెప్పింది.

"సబ్బు ఫ్యాక్టరీల పదకొండేండ్లు పని చేసిన. గది నిజమే. ఏం పనని ఎవ్వరు అడగలే, నేను చెప్పలే. సబ్బుకు కాయితం చుట్టుడు. గదే నా పని. సబ్బు ఉడికేది పక్క కొట్టంల. తలుపు సందుల కెల్లి చూస్తుంటి. గాడ ఒక ఉస్తాద్ ఉండె. నాలికె మీద పెట్టుకొని చూస్తుండె. కారం తినకపోతుండె. గది చూసి నేను గూడ తినుడు బంద్ చేసిన. సోడా డబ్బల వచ్చేది చూసిన గని, సోడా ఎట్లయితదో నాకు తెల్వదు. మీ ఊర్లె చేసిన ఇప్ప సబ్బే నా మొదటి సబ్బు."

వాళ్లాయన, అమ్మమ్మ, ఫకీరు, అందరూ ఆ ఒక్క వాక్యంలో మాయమయ్యారు. పదకొండేళ్లు ఒక తలుపు సందులోంచి చూసిన మనిషి ఆమె. లోపలికి రానివ్వలేదు కనుక, బయటి నుంచి కనిపించినవన్నీ నేర్చుకుంది. కారం మానేయడంతో సహా. ఏళ్ల తరబడి, ఎవరూ అడగకపోయినా, ఆ పని తనకు దొరుకుతుందని ఆశ కూడా లేని రోజుల్లో, రోజూ చప్పటి రొట్టె తిన్నది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పటేల్ తల్లి లేచింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె బాండి దగ్గరికి పోలేదు, మూలనున్న సున్నం కుండ దగ్గరికి పోయింది. ఆమెకు పొగాకులో సున్నం కలుపుకుని నమిలే అలవాటు. వేలితో కొంచెం సున్నం తీసి నాలుక మీద పెట్టుకుని, ఆగి, పక్కకు ఉమ్మేసింది.

"నాలికె కాలలే. గిది చచ్చిన సున్నం. ఎన్ని దినాలాయె తెచ్చి? గోడకు పూయనీకి పనికొస్తది, అంతే. రాయి కాల్చిన నాడే, వేడి మీదున్నప్పుడే ఏయాలె."

అంతే సంగతి. మరునాడు మగవాళ్లు ఇద్దరు సున్నపు రాయి కాల్చి తెచ్చారు. వేడి సున్నం పడగానే సౌడు నీళ్లు బుసలు కొట్టాయి. తేరిన నీళ్లలో కోడిగుడ్డు వేస్తే మునగకుండా తేలింది, అంటే సబ్బుకు సరిపడా కారం దిగినట్టు. సాయంత్రానికి బాండిలో ముద్ద చిక్కబడింది. మూడు రోజులు ఆరాక బద్ద నుంచి పలుకు గీరి బాయి నాలుకకు తాకించుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత ఇంకో పలుకు గీరి పటేల్ తల్లికి ఇచ్చింది. ఆమె కూడా పెట్టుకుని చూసింది.

"బరా," అని మొదట అన్నది ఆ ముసలామె.

ఆ సబ్బు చూడటానికి బాగుండదు. నల్లటి ఆకుపచ్చ రంగు, చేదు వాసన. సంతలో ఎవరూ కొనరని నాకు తెలుసు. బాయి దాన్ని సంతకు తీసుకుపోలేదు. ఊరికి మైలు దూరంలో ఆశ్రమ పాఠశాల ఉంది. అక్కడి పిల్లల వేళ్ల సందుల్లో గజ్జి. హెడ్మాస్టరు కరీంనగర్ మనిషి, ఆ పిల్లలను చూసి దిగులు పడేవాడు. కానుగ నూనె పుండ్లకు పూస్తామని పటేల్ తల్లి అన్న మాట గుర్తుపెట్టుకుని బాయి ఆయన దగ్గరికి వెళ్లింది.

"వాసనకు పోరలు ఉరుకుతరు గని, జర పట్టుకొని రుద్దుండ్రి సారూ," అంది.

వాన చినుకులు పడే నాటికి పిల్లలు గోక్కోవడం తగ్గింది. హెడ్మాస్టరు బడికంతా ఈ సబ్బే కావాలన్నాడు. బడిలో పై తరగతి వాళ్లను వారానికొక పూట షెడ్డుకు పంపాడు, వాళ్లూ చేయడం నేర్చుకున్నారు. కానుగ గింజలు తెచ్చిన ఇంటికి సబ్బు, తీసుకురానివాళ్లకు లేదు, అదీ పద్ధతి. కేంద్రంలో పదకొండు మంది ఆడవాళ్లు చేరారు. షెడ్డు ఎరువులకు పోలేదు.

ఆ తర్వాత మూడేళ్లూ బాయిని దగ్గర నుంచి చూశాను. పొయ్యి ముందు ఆమె పాడేది కాదు, తిట్టేది కాదు, ఊరికే ముక్కుతో వింటున్నట్టు ఉండేది. "ఇప్పుడు పచ్చి వాసన పోయింది, ఇప్పుడు నూనె లొంగింది," అని తనలో తను చెప్పుకునేది. ఆడవాళ్లలో ఎవరు ఏం కొత్తగా చేసినా వద్దనేది కాదు. ఒకామె కుంకుడు రసం కలిపింది. ఒకామె వేపాకు. చెడిపోయిన బాండీలు ఎన్నో. "చెడిపోతెనే గద ఎర్కయ్యేది," అనేది. తనకు రాదని ఒకసారి చెప్పేశాక ఆమె భుజాలు దిగినట్టయ్యాయి. ఒక రోజు నా తొక్కులో వేలు ముంచి నాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా రెండోసారీ ముంచింది. తరాజు ఏమైతది బాయీ అని అడిగితే, "ఇప్పుడు పదకొండు తరాజులున్నయి, ఫికరేంది," అంది.

నాలుగో ఏడు పైనుంచి ఒక కాగితం వచ్చింది. చేతిపని నేర్పేవాళ్లందరూ తాము శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ పంపాలి. లేనివాళ్లను నెలాఖరుకు తీసేస్తారు.

బాయి దగ్గర అట్లాంటి కాగితం లేదు. ఆమె రేకు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. ఏడవలేదు. బాండి ఎవరికివ్వాలా అని మాత్రం ఆలోచించింది. నేను ఊళ్లోకి వెళ్లి పటేల్ తల్లికి చెప్పాను.

"కాయితమేనా? మనమే రాసిద్దాం," అంది ఆమె.

హెడ్మాస్టరు తెల్ల కాగితం తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆమె చెప్పింది, ఆయన రాశాడు. ఈ బాయి మా ఊరికి వచ్చినప్పుడు ఆమెకు సబ్బు చేయరాదు. మేము నేర్పినం. మంచిగ నేర్చుకున్నది. ఇప్పుడు మాకు నేర్పుతున్నది. ఇంతే. కింద పదకొండు మంది వరసగా బొటనవేలు ముద్రలు వేశారు.

ఆ కాగితం పట్టుకుని మేము ముగ్గురం, బాయి, నేను, హెడ్మాస్టరు, బ్లాకు ఆఫీసుకు వెళ్లాం. అదే అధికారి. చదివాడు. మళ్లీ చదివాడు. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు.

"మాస్టారూ, ఈ వేలిముద్రలేమిటి? ఒక్కదాంట్లో కూడా గీతల్లేవు. అన్నీ సిరా మరకల్లా ఉన్నాయి. ఇవి ఆఫీసులో ఎవరొప్పుకుంటారు?"

హెడ్మాస్టరు నెమ్మదిగా చెప్పాడు. "సౌడు నీళ్లల్ల అరిగినయి సార్. మూడేండ్లు సబ్బు చేసిన వేళ్లకు గీతలు మిగలయి."

అధికారి బాయి వైపు చూశాడు. సిరా పట్టీ ఆమె ముందుకు జరిపాడు. "నువ్వూ వెయ్యమ్మా."

బాయి బొటనవేలు సిరాలో అద్ది, ఆ పదకొండు ముద్రల కింద నొక్కింది. మరకే పడింది, గీత లేని నున్నటి మరక. మిగతా వాటిలో కలిపేస్తే ఏది ఎవరిదో చెప్పలేం.

ఆయన దాని మీద అద్దుడు కాగితం ఒత్తాడు. పక్కన తన సంతకం చేసి, సర్టిఫికెట్ల ఫైలులో పెట్టి, తాడు కట్టాడు.